చుట్టుకొలత

సిరోంచ కలప డిపోల నా పని కొలవడం.
టేకు దుంగ నడుముకు టేపు చుట్టి
మరాఠీల రాస్త, తెలుగుల కూడుకుంట.

టేపు పైది చెప్తది, లోపలిది చెప్పదు.
లోపలి సంగతి సిడాం లచ్చుది.
గొడ్డలి తిరగేసి మొద్దు దిక్కు ఒక్కటేస్తడు,
చెవి ఆనిస్తడు.
"దీంట్ల చేవ ఉన్నది. దీంట్ల బోలు."
మూడేండ్లు నాకు రెండూ ఒక్కతీరే వినబడ్డయి.

రాత్రి క్వార్టర్ డాబా మీద
చంద్రపూర్‌ల సెకండ్‌హ్యాండుకు కొన్న కెమెరా,
ఇనుప స్టాండు, దోమల బత్తి.
ప్రాణహిత దిగొచ్చే దిక్కున శర్మిష్ఠ,
ఆమె పక్కన కంటికి అందీ అందని చుక్క.
ఒకటి కాదు, రెండు.
ఏ దుర్భిణి పెట్టినా ఒక్కటే అనిపించే రెండు.

ఇరవై ఎనిమిది గంటల నలభై నిమిషాలకోసారి
మసకది వెలుగుదానికి అడ్డమొస్తది.
వెలుగు మునుగుతది, తేలుతది.
ఎంతసేపు మునిగె, ఎంత లోతుకు మునిగె,
దాంతోనే తెలుస్తది ఎవరి నడుమెంతో.
అది నా టేపు.

వెలుగుది మాత్రం ఊరకుండదు.
ఇరవై రెండు నిమిషాలకోసారి
నూటికి ఒక వంతు పెరిగి, తగ్గుతది.
ఎవరూ కొట్టకుండనే మోగే దుంగ.

"దుర్గం బాయీ, దీంతో డిపోకేం ఫాయిదా?"
రేంజర్ సాబు అడిగిండు.
లేదన్న.
సెలవు కాయితం మీద సంతకం పెట్టిండు.

జూన్ నుంచి దసరా దాకా మబ్బే.
ఆ తర్వాత కరెంటు పోతే
ఊరంత తిడతది, నేనొక్కదాన్నే మెట్లెక్కుత.

మొన్నటి మునకల
అడ్డమొచ్చింది కొంచెం కొంచెం కప్పుతుంటే
వణుకు తీరు మారింది.
ఏ పక్క దాస్తే ఏ మోత తగ్గిందో
పట్టుకుందునేమో,
సరిగ్గా అడుగుకు దిగినప్పుడే
నది మీది మంచు వచ్చి అద్దం మీద కూర్చుంది.
నలభై నిమిషాలు ఏమీ లేదు.

గీత గీసిన కాయితం లచ్చుకు చూపెట్టిన.
చుక్కలెంట బొటనవేలు నడిపిండు,
ఖాళీ దగ్గర ఆపిండు.
"ఈడ ఏం రాయాలె లచ్చూ?"
"అట్లనే ఇడువు.
బోలు దుంగకు గూడ నంబరేస్తం గద."

ఐదు మునకలు లెక్కేస్తే
ఆరో నాటి రాత్రి, అరగంట ముందే వస్తది.
బస్టాండు పక్క పార్లర్ల సువర్ణను
హెయిర్ డ్రయ్యర్ అడిగి పెట్టిన,
అద్దానికి చెమ్మ పట్టకుండ.
"ఎవరి పెండ్లక్కా?" అన్నది.

ఈ ఒక్క రాత్రి
కరెంటు ఉండాలె.