పడుగంత పొడవు

బరంపురం ఊరి చివర
ఆ తారు పట్టీ మీద ఆఖరి విమానం ఎప్పుడు దిగిందో
దుర్యోధన్ సాహుకే సరిగ్గా గుర్తులేదు.
ముప్పయ్యేళ్లు కాపలా కాశాడు.
ఆకాశం నుంచి ఏదీ రాలేదు,
గొడ్లు మాత్రం రోజూ వచ్చేవి.

ఇప్పుడది పార్కట.
మున్సిపాలిటీ నక్షాల గదిలో గీతలు గీసేదాన్ని నేను.
భువనేశ్వర్ నుంచి వచ్చిన ప్లానులో
ఫౌంటెన్ ఉంది, గుండ్రటి పచ్చిక ఉంది,
నవ్వుతూ నడిచే మనుషులున్నారు,
వాళ్లెవరూ మా ఊరివాళ్లు కారు.
రన్‌వే మీద ఎర్రసిరాతో ఒకటే మాట:
పగలగొట్టాలి.

టేపు పట్టుకుని కొలవడానికి వెళ్లాను.
అప్పటికే మా మేనత్త ఆదెమ్మ
మంచులో పడుగు పరిచి ఉంది.
రెండు కర్రల మధ్య పట్టుదారం
మీటితే మోగేంత బిగువుగా.
"ఇంత తిన్నటి నేల ఇంకెక్కడుందే గుంటా?
వీధిలో పరిస్తే మోటారు సైకిళ్లు తెంపేస్తన్నాయి.
మీ పార్కులో అన్నీ వంకర దార్లేనేటి?"

జవాబు చెప్పలేదు.
కొలత రాసుకున్నాను.

దుర్యోధన్ చెప్పుల్లేకుండా ముందు నడిచాడు.
కొంత ఒడియాలో, కొంత తెలుగులో, మిగతాది వేలితో చెప్పాడు.
ఇక్కడ వాననీరు మూడు రోజులు నిలుస్తుంది.
ఇక్కడ పిల్లలు సైకిలు నేర్చుకుంటారు,
మోకాళ్లు పగిలేది అదిగో, అక్కడ.
ఒకచోట ఆగి చెయ్యి అడ్డం పెట్టాడు.
తారు చీలికలో నాలుగు కంకర రాళ్లు.
రాళ్లు కావు.
నెత్తి మీద తీతువు తిరుగుతూ తిడుతోంది.
ఇన్నేళ్లలో ఆ రన్‌వే మీద
వేళకి దిగి వేళకి ఎగిరింది అదొక్కటే.

వార్డు మీటింగులో ఆడవాళ్లు
దీపాలూ మరుగుదొడ్డీ అడిగారు.
ముసలాళ్లు ఎండకి వీపు పెట్టుకునే బెంచీ అడిగారు.
ఒక పిల్లాడు లేచి,
"మరి విమానం వస్తే?" అన్నాడు.
అందరూ నవ్వారు. దుర్యోధన్ నవ్వలేదు.

ఆ రాత్రి ఫౌంటెన్ చెరిపేశాను.
నీళ్లు నిలిచేచోట కుంట గీశాను.
అంచుల పలకలు కోసి కానుగలు, నేరేళ్లు.
నడుమ తారు అలాగే,
అంచున చిన్న అక్షరాల్లో:
తెల్లవారి ఆరు నుంచి తొమ్మిది దాకా పడుగులకి.
గుడ్ల దగ్గర నా గీత కాస్త వంగింది.
పాణిగ్రాహి ఇంజనీరు కళ్లద్దాలు తీసి,
"ఇది పార్కా, మగ్గం గుంటా?" అన్నాడు.
సంతకం మాత్రం పెట్టాడు.

ఫైలు ఇంకా పైనుంచి రాలేదు.
ఏ గీత బతుకుతుందో తెలీదు.

గాలివాటం చూపించే ఇనప స్తంభానికి
గుడ్డ చిరిగిపోయి చాలా కాలమైంది.
మొన్న ఎవరో,
ఎవరో ఏమిటి, మా అత్తే,
రంగు చెడిన పట్టుముక్క గొట్టంలా కుట్టిచ్చింది.
దుర్యోధన్ నిచ్చెనెక్కి ముడేశాడు.

అది పడమటికి ఊగితే
గోపాలపూర్ సముద్రపు గాలి అన్నమాట.
ఆ రోజు గంజి బేగి ఆరదు.
పడుగులు పరచరు.