అరిగిన మెట్లు

ట్రాలీబస్సు ఆగే చోటు నుంచి నా దుకాణానికి
నూట అరవై రెండు మెట్లు.
ప్రతి ఏప్రిల్‌లోనూ నిబాల్దో
గిటారు వీపున వేసుకుని ఎక్కొస్తాడు,
వేసవి జనం వెళ్లిపోయాక, వానగాలి ఇంకా తిరగకముందు.
వాల్పరాయిసోలో ఇనుముకు దిక్కు లేదు.
సముద్రం ఇక్కడ తలుపు తట్టదు,
తాళం కన్నంలోంచి వస్తుంది.

ఈసారి దారిలో మూడుసార్లు ఆగాడు.
కిటికీలోంచి లెక్కపెట్టాను.
పోయినేడు ఒక్కసారే.

"గరగరమంటోంది ఒతీలియా,
గొంతులో చేపముల్లు దిగినట్టు."
వాల్యూమ్ నాబ్ తిప్పి చూపించాడు.
ఇంకేమైనా ఉందా అంటే
ఇంకేం లేదన్నాడు.
అని, కాసేపు అక్కడే నిలబడ్డాడు.

రాత్రి షట్టర్ దించి పని మొదలెట్టాను.
తీగలు ఒక్కసారిగా తెంపకూడదు,
కూలివాడి నెత్తిమీంచి బస్తా దించినట్టు
ఆరింటినీ కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి.
చిలుము పట్టి పచ్చబడ్డాయి.
వాటి అడుగున మూడు నెలల చెమట, జిడ్డు,
ఎవరి పెళ్లిలోనో రాలిన తళుకురేకు ఒకటి.

గరగర సంగతి చిటికెలో తేలిపోయింది:
నాబ్ కింద రెండు చుక్కల మందు,
ఆ కొస నుంచి ఈ కొసకు ఇరవైసార్లు తిప్పడం.
ప్లగ్గు దూర్చే చోట నట్టు వదులైంది, బిగించాను.
తెగీ తెగని తీగ ఒకటి టంకానికి వేలాడుతోంది.
చెయ్యి వేస్తే ఊరుకుని, తీస్తే ఏడ్చే
చంటిపిల్లలాంటి హోరు
అక్కడి నుంచే వస్తోంది.

తర్వాత మెట్లు.
దీపం పక్కకు వాల్చి చూస్తే
మనిషి వేళ్లు ఎక్కడెక్కడ బతికాయో కనిపిస్తుంది.
రెండో మెట్టు నుంచి ఐదో మెట్టు దాకా
గుంటలు, బావి ఒరల మీద చేంతాడు కోసినట్టు.
పన్నెండు దాటి పైకి
నిబాల్దో ఎప్పుడూ వెళ్లలేదు. కుంబియాకి ఆ అవసరమూ లేదు.

కానీ ఒకటో మెట్టు.
చూపుడువేలు కర్రలా అడ్డంగా పరిచి
ఆరు తీగల్నీ నొక్కాల్సిన చోటు.
పాత గుంటలున్నాయి, మెరుపు లేదు.
నల్లబడింది, వాడని చెంచాలా.
ఈ ఏడాది అక్కడికి ఎవరూ వెళ్లలేదు.

పొద్దున్న డబ్బు తీస్తున్నప్పుడు చూశాను
అతని కణుపుల్ని:
అల్లంకొమ్ముల్లా ఉన్నాయి.

చెక్కకు టేపు అంటించి, మెట్ల నెత్తిన సిరా పూసి,
సిరా అంతా సమంగా పోయేదాకా ఆకురాయి నడిపాను.
ఇలా ఎన్నోసారో నాకు తెలుసు.
ఇంకొక్కసారికి లోహం మిగిలింది, అంతే.

డబ్బాలో పదకొండో నంబరు తీగలున్నాయి.
పాతికేళ్లుగా అతనికి అవే.
సన్నవి వాయించేవాళ్లని
చర్చిలో దోమలు అని వెక్కిరించేవాడు.
తొమ్మిదో నంబరు తీశాను.
లాగుడు తగ్గింది కనక మెడలోని కడ్డీని
పావు మలుపు వదిలాను,
గుర్రాన్ని కాగితమంత కిందికి దించాను.
పన్నెండో మెట్టు దగ్గర ఒక్కో తీగా
తనతో తాను ఒప్పుకునేదాకా
స్క్రూడ్రైవర్‌తో బతిమాలాను.

శనివారం వచ్చాడు.
కూర్చుని అలవాటు తప్పిన ఆ పట్టే పట్టాడు,
ముందు భయంగా, తర్వాత మళ్లీ,
మళ్లీ.
"తీగలు కొత్తవా?"
"కొత్తవే."
"ఏ నంబరు?"
నేను కెటిల్ కోసం లేచాను.
అతను ఇంకోసారి అడగలేదు.

బిల్లు పుస్తకంలో రాశాను:
నాబ్ శుభ్రం, టంకం, పదిహేను వేల పెసోలు.
మిగతాదేదీ రాయలేదు.

దిగడం కూడా చూశాను. రెండుసార్లు ఆగాడు,
రెండోసారి ఎవరో కుక్కపిల్లని పలకరించడానికి, అనుకుంటా.
వచ్చే ఏప్రిల్‌లో నువ్వు ఎక్కొద్దు,
నేనే దిగి తెచ్చుకుంటానని చెప్పాలి.
ముందు నా మోకాళ్లకి చెప్పాలి.