ఌ సంఘం

చరిత్ర మేష్టారు పాఠం ఆపి ఓ పిట్టకథ చెప్పారు.
అమెరికాలో ఒక చలికాలం,
సారాకొట్టు గదిలో ఐదుగురు విద్యార్థులు,
మూడు గ్రీకు అక్షరాలు,
చెయ్యి కలపడంలో వేళ్ళకి మాత్రమే తెలిసిన ఓ గుట్టు.
"పెద్దలు వద్దన్నవి మాట్లాడుకోడానికట" అని
సుద్దముక్క కిందపెట్టి నవ్వారు.

మాకది చాలు.
కాకినాడలో గ్రీకు ఎవడికొచ్చు?
పేరిశాస్త్రి అన్నాడు:
మనకీ ఉన్నాయిగా, ఓనమాల్లో కూచుని
బతుకంతా పని దొరకని అక్షరాలు.
ఌ.
దాంతో మొదలయ్యే మాట ఒక్కటి చెప్పండి చూద్దాం!
ఎవరికీ తట్టలేదు.
అదే పేరైంది.

జగన్నాథపురం వంతెన దిగువ, ఉప్పుటేట్లో
నూకన్న పడవ మా సారాకొట్టు.
సారా లేదు. జీళ్ళు, వేయించిన శనగలు,
జోగినాథం వాళ్ళన్న జేబులోంచి కొట్టుకొచ్చిన
రెండు సిగరెట్లు, ఐదుగురికి.
ప్రిన్సిపాల్ ఎర్రసిరాతో కొట్టేసిన చర్చలన్నీ
వత్తి తగ్గించిన లాంతరు కింద బతికేవి:
రాజు అవసరమా. దేవుడు అవసరమా.
విధవ నవ్వితే ఎవరికి నష్టం.
మినిట్సు నేనే రాసేవాణ్ణి.

ప్రమాణానికి దోసెడు ఏటినీళ్ళు మింగాలి.
మొదటి రాత్రి అందరం కక్కుకుని
అన్నదమ్ములమయ్యాం.

ఆర్నెల్లకి కంసాలి చేత ఇత్తడి బిళ్ళలు.
ఏడాది తిరక్కుండా అవతలి జట్టు, ౡ అట,
మాకన్నా ఓ మెలిక ఎక్కువని వాళ్ళ గొప్ప.
మూడో ఏటికి చర్చ పోయింది.
కొత్త కుర్రాణ్ణి మొలలోతు బురదలో నిలబెట్టి
కప్పలా అరిపించడం మిగిలింది.
నేనూ అరిపించాను.

మినిట్సులో రాయనిది ఒకటుంది.
ఆ రాత్రి విషయం: మనుషులందరూ సమానమా.
నాలుగు చేతులు అవునన్నాయి, ఒకటి కాదంది.
గెడ ఆనించి నూకన్న అడిగాడు:
"నా చెయ్యి కూడా లెక్కెడతారేంటండీ?"
నవ్వాం. నవ్వామనే గుర్తు.
పోటు వస్తోంది, పడవ తిప్పమన్నాం.

మూడేళ్ళూ ఎవరికీ చెప్పలేదతను.
అతని చేత ప్రమాణం ఎవరూ చేయించలేదు.
ఆ ఉప్పునీళ్ళు పుట్టిందగ్గర్నించీ తాగుతున్నవాడే.

పరీక్షలయ్యాక, రైలుకి ముందు,
నా బిళ్ళ అతని అరచేతిలో పెట్టాను.
ఏం చెప్పాలో తెలీలేదు.
బొటనవేలితో తడిమి చూశాడు.
"రొయ్య బాగా చెక్కాడండీ" అన్నాడు,
"బరువుంది. వలకి కట్టుకుంటాను."