కారం లేని మిరపకాయ

సంగడిగుంటలో మా రెండు గదుల వాటాలో
ఇప్పుడు మూడో ఇల్లొకటి ఉంది.
చెక్కపెట్టెకి ఇనప జాలీ కొట్టాను,
మా ఎస్తేరు దాని మీద సుద్దతో రాసింది:
సున్నం ఇల్లు.
సున్నం మా కుందేలు.

జానెడు ఎడంగా ఇంకో పెట్టె.
అందులో జీలకర్ర, వాము. గినీ పందులు.
పేరులో పంది ఉందని పక్కవాటా కాశింబీ
మొదట్లో గుమ్మం దాటి వచ్చేది కాదు.
ఒకరోజు మెడ చాచి చూసి
"ఇవా! తోక లేని ఎలకలు కదూ" అంది.
అప్పట్నించీ కొత్తిమీర కాడలు ఆవిడవే.

మొదట్లో అన్నీ ఒక పెట్టెలోనే ఉండేవి.
నేనే పెట్టాను.
ఒకే మూకుడు, ఒకే గడ్డి,
కలిసి పెరిగితే కలిసిపోతాయిలే అని.
సున్నానికి వాటి మీద పగేం లేదు.
హుషారొచ్చి ఒక పూట వెనక్కాళ్లు ఝాడించింది,
అంతే.
వాము మూడు రోజులు నడుము ఈడ్చింది.

తరవాత తుమ్ములు మొదలయ్యాయి.
ఫిబ్రవరి నెల, యార్డు నిండా కొత్త సరుకు.
గుంటూర్లో తుమ్మనిదెవరు, అనుకున్నాను.

డాక్టర్ భ్రమరాంబ గారు
నిమ్మకాయంత ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి
చాలాసేపు కళ్లు మూసుకున్నారు.
"కొన్ని కుందేళ్ల ముక్కులో ఒక క్రిమి ఉంటుందండీ.
దాన్నేం చెయ్యదు. మోస్తున్నట్టు దానికే తెలీదు.
వీటికి సోకితే మాత్రం ఊపిరితిత్తులే పోతాయి.
వేరుగా పెట్టండి.
ముందు వీటిని ముట్టుకోండి, ఆ తరవాతే దాన్ని."
చీటీ రాస్తూ రాస్తూ ఆగి
ముక్కు చివర రుద్దుకున్నారు.
"మీరు మిర్చి యార్డులోనా?"
"కాటా గుమస్తానండి."
"ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

నేను నోరు తెరిచేలోగా
బల్ల పక్క నుంచి ఎస్తేరు దగ్గింది.

గినీ పందికి సి విటమిన్ ఒంట్లో తయారవదట,
మనకి లాగే.
కుందేలు మేత పెడితే చాలదట.
రోజూ ఒక జామముక్క, లేదంటే క్యాప్సికం.
పదిహేడేళ్లుగా తేజా రకం తూస్తున్నవాణ్ణి,
పట్టాభిపురం బజార్లో క్యాప్సికం ఏరుతుంటే
హమాలీ యాకోబు కంట పడ్డాను.
"ఇదేంది గుమస్తాగారూ, దీంట్లో కారమేది?"
లేదనే కొంటున్నాన్రా.

రోహిణి కార్తెలో
పెట్టెల మీద తడి గోనె కప్పుదామంటే
మా ఇంట్లో ఉన్నవన్నీ మిర్చి గోతాలే.
కాశింబీ బియ్యం గోతాం దులిపి ఇచ్చింది.
గడ్డకట్టిన నీళ్ల సీసాలు, తలా ఒకటి.
మధ్యాహ్నం సున్నం సీసాని ఆనుకుని పడుకుంటే
అవతల వాము దాన్నే చూస్తూ పడుకుంటుంది.
మధ్యన జానెడు గాలి.
దానికే ఎస్తేరు రోజూ చీపురుపుల్ల పెట్టి
కొలత తగ్గలేదు కదా అని చూస్తుంది.

నా చొక్కా ఇప్పుడు వీధి గోడ మేకుకే ఉంటుంది.
పంపు కింద మోచేతుల దాకా సబ్బు.
బండి చప్పుడు వినపడగానే
లోపల జీలకర్ర ఈల వేస్తుంది,
దాన్ని చూసి వాము,
వాటిని చూసి ఎస్తేరు.
సున్నం ఈల రాక కాలు నేలకేసి కొడుతుంది.

వస్తున్నా, ఆగండే.
మెడ వెనక ఇంకా కడుక్కోలేదు.