చెత్తతొట్టి కాడ నవల

రాత్రి పదిన్నరకు
మత్రాలో మా వీధి చివర, పచ్చ చెత్తతొట్టి కాడ
ఐదిండ్ల పనోళ్లం చేరతాం.
ఏడు నిమిషాలు. అంతకు మించితే
పై కిటికీలో మేడం నీడ కదుల్తాది.
ఆ ఏడు నిమిషాల్లో నేను నవల చెప్తా.

కాగితం మీద లేదు.
అన్నం వార్చేటప్పుడు అల్లుకుంటా,
బాబా దిష్‌డాషాలు ఇస్త్రీ చేసేటప్పుడు మడత పెడతా,
రాత్రికి విప్పుతా.

కథ ఈ ఊరిదే. మూడువందల డెబ్బై ఏండ్ల కిందటిది.
అదిగో, ఆ కొండమీది కోట అప్పుడు బుడతకీచులది.
బందరు ఓడ దిగిన అద్దకం పిల్ల పైడెమ్మ
దొరసానుల పావడాలకు పూలు రాస్తాది.
చేతుల్నిండా కరక్కాయ వాసన, గేదెపాల వాసన,
గోళ్లసందుల్లో చిరువేరు ఎరుపు.
కోట కింద ఖర్జూరం మూటలు మోసే ముహన్నా
ఆ ఎరుపు చూసి నెత్తురనుకుని
తలగుడ్డ చించి కట్టు కట్టబోయినాడు.
అట్లా మొదలైంది.

"చెయ్యి ఎంతసేపు పట్టుకున్యాడు?"
కుళ్లాయమ్మ ప్రతి రాత్రీ అడుగుతాది, అదే చోట,
మేడం కొడుకు మిగిల్చిన కోడితునక నముల్తా.
రోజుకొక రెప్పపాటు పెంచతా ఉండా.

ముహన్నా వట్టి కూలి కాదని పన్నెండో రాత్రి చెప్పినా.
లోపలి కొండల్లో తిరుగుబాటు దండు కాచుకోనుంది.
వాళ్లకు కావల్సింది లెక్క:
బురుజు మీద ఫిరంగులెన్ని, మందుపీపాలెన్ని,
కావలి మారేదెప్పుడు.
పైడెమ్మ రాసింది. గుడ్డ మీద.
తామరకు ఎన్ని రేకులో అన్ని ఫిరంగులు.
చిలక ముక్కు ఎటు తిరిగితే అటు దొడ్డిదారి.
బుడతకీచు కప్తాను ఆ గుడ్డనే మెచ్చుకుని
అంగీ కుట్టించుకుని సంతకు పోయినాడు,
తన కోట గుట్టు తన వీపునే మోసుకుని.
చేపలమ్మేటోళ్లు నిమ్మళంగా లెక్కపెట్టుకున్నారు.

ఆ రాత్రి నవ్వు ఆపుకోలేక చెత్తసంచి చినిగింది.
పొలుసులన్నీ రోడ్డు మీద.
ఏరుతా నవ్వినాం, నవ్వుతా ఏరినాం.

మస్తాన్‌బీ నవ్వలేదు.
రాజంపేట పిల్ల. వచ్చి నాలుగేండ్లు,
జీతం చూసి ఏడు నెల్లు.
"అది సరే అక్కా,
తాళంచెవి ఎవరి కాడుంది?"
అంతదాకా నేను ఆలోచించనే లేదు.
నోటికొచ్చింది చెప్పినా:
"కప్తాను పెండ్లాం దిండు కింద.
ఆమె ప్రార్థనకు పోయినప్పుడు అక్కడే వదిలేస్తాది."
"ఎంతసేపు?"
"ఒక గంట."
తలూపింది, సరుకుల చీటీ విన్నట్టు.

వచ్చే శుక్రవారం, మధ్యాహ్నం నమాజు వేళ,
వాళ్లింటి అలమార తెరిచి ఉందంట.
బంగారు గాజు ఒక్కటీ పోలేదంట,
మూడుసార్లు లెక్కపెట్టినారంట.
నీలం అట్ట చిన్న పుస్తకం, అదొక్కటే లేదు.

పోలీసాయన నన్నూ అడిగినాడు.
నాకు అరబ్బీ మాటలు నలభై వచ్చు.
ఆ పొద్దు ముప్పై తొమ్మిది మర్చిపోయినా.
మిగిలింది ఒకటే: "మాఫీ."

ఇప్పుడు చిక్కు నాకే వచ్చింది.
పందొమ్మిదో రాత్రికి పైడెమ్మను చంపాలనుకున్నా.
ప్రేమకథ కదా, చివర ఒకరు పోతేనే బరువని.
మందుకొట్టుకు నిప్పు, ముహన్నా ఏడుపు,
ఆనక తడి ఇసుకలో ఒక ఎర్ర గుడ్డపీలిక,
అన్నీ ఉల్లిపాయలు తరుగుతా సిద్ధం చేసుకున్నా.

కుళ్లాయమ్మ సంచి దించి నా నోటికల్లే చూస్తాంది.
నలుగురమే ఉన్నాం.
ఐదో మనిషి నిలబడే చోట పిల్లి కూర్చోనుంది.
ఈసారి చెయ్యి సంగతి ఎవరూ అడగలేదు.
"పడవ ఎక్కిందా, లేదా?"

కిటికీలో నీడ కదిలింది.
ఇంకా రెండు నిమిషాలుంది.
"ఎక్కింది," అన్నా.
"గాలే ఇంకా తిరగలేదు."