ఎక్కడ ఆగాలో

ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాను,
అబెరిస్ట్‌విత్ నుంచి మఖన్‌త్లెత్ దాకా, మళ్లీ వెనక్కి.
ఎక్కడ ఆగాలో ఒక్కరోజూ నేను తేల్చలేదు.
స్తంభం తేల్చేది. గంట నొక్కిన చెయ్యి తేల్చేది.

ఇప్పుడు వంటింటి బల్ల మీద వేల్స్ పటం పరిచి
నాలుగు మూలలా నాలుగు టీ కప్పులు బరువు పెట్టి
నేనూ నెరిస్సూ తలలు ఆనించి కూర్చున్నాం.
వాకిట్లో చేతులు మారిన క్యాంపర్‌వ్యాన్,
పాత యజమాని ఎప్పుడో వేయించుకున్న
ఉల్లిపాయల వాసన ఇంకా వదలకుండా.
బల్ల కింద బెకా
నా పాదం మీద గడ్డం ఆనించి
తన గురించే మాట్లాడుతున్నారని తెలిసిన మనిషిలా
కళ్లు మూసుకుని వింటోంది.

బెకా సంగతి చెప్పాలి.
జాతికి గొర్రెల కాపలా కుక్క.
గొర్రెను చూస్తే వణుకు.
కొండ మీది రైతు ఏడాదిన్నర ఓపిక పట్టి
"దీనికి ఉద్యోగం రాదు" అని
మా గుమ్మంలో దించి పోయాడు.
ఉద్యోగం దిగిపోయినవాణ్ణి నేను, దొరకనిది అది.
ఇద్దరికీ కుదిరింది.

ఫోన్ తీశాను.
సముద్రం పక్క చోటు: కుక్కలకు స్వాగతమే,
ఇసుక మీదికి మాత్రం
మే నుంచి సెప్టెంబరు దాకా రాకూడదు.
కిటికీలోంచి చూపించడానికా ఇంత దూరం?
అడవి అంచున ఇంకొకటి: రాత్రికి మూడు పౌండ్లు అదనం,
తాడు రెండు మీటర్లు దాటకూడదు,
వ్యాన్‌లో ఒంటరిగా వదలకూడదు,
స్నానాల గదుల దగ్గరికి తేకూడదు.
"మరి మేం స్నానానికి ఎలా వెళ్లేది?" అంది నెరిస్.
"వంతులవారీగా," అన్నాడతను,
కొత్త దంపతులకు బుద్ధి చెప్పే పాస్టరులా.
మూడోచోట, బుద్ధిగల కుక్కలు మాత్రమే.
నెరిస్ నా వైపు చూసింది.
భర్తల మాట అడగలేదు, అదే నయం.

ఒకచోట బరువు అడిగారు,
ఒకచోట టీకాల కాగితాలు.
ఒకచోట "చుట్టూ గొర్రెలుంటాయి, జాగ్రత్త" అన్నారు.
ఎవరికి జాగ్రత్త అని అడగబోయి ఊరుకున్నాను.

పటం మీద కొట్టివేతలు.
కప్పుల్లో చల్లారిన టీ.
మడిచేద్దాం అన్నాను.
ఇంకొక్కటి, అంది నెరిస్.

బాలా సరస్సు అవతల ఏదో పొలం.
పన్నెండుసార్లు మోగాక ఒక ముసలమ్మ గొంతు,
వెనక బకెట్టు చప్పుడు.
"కుక్క ఉందండీ," అన్నాను, నేరం ఒప్పుకున్నట్టు.
"పేరేమిటి?"
"ఎమ్లిన్ ప్రోబర్ట్."
"మీది కాదు బాబూ. దానిది."

చెప్పాను. గొర్రెల భయమూ చెప్పేశాను.
బకెట్టు చప్పుడు ఆగింది.
"మా పొట్టేలుకు కుక్కలంటే భయం," అంది.
"ఎవరి కంచెలో వాళ్లుంటారు, రండి."

దారిలో బెకా మూడుసార్లు మూలిగింది.
మూడుసార్లూ ఆపాను.
రెండుసార్లు పని ఉండి దిగింది.
మూడోసారి
గాలిని రెండు గుక్కలు పీల్చి, ఏమీ చెయ్యకుండా,
మళ్లీ ఎక్కి కూర్చుంది.
స్తంభం లేనిచోట నేను ఆగడం
ఆ రోజే మొదలు.

రాత్రి వాన.
కుళాయి గొట్టం ఎక్కడ తగిలించాలో తెలియక
మోకాళ్ల దాకా తడిశాను.
నలభై పౌండ్లు పోసి కొన్న మెత్తటి పరుపును
బెకా ఒకసారి వాసన చూసి
డ్రైవరు సీటెక్కి ముడుచుకుంది.

నడిరాత్రి నెరిస్ లేచి
టార్చి వేసుకుని
పొలం చివరి మరుగుదొడ్డికి నడిచింది.
బెకా లేచి నిటారుగా కూర్చుంది.
చీకట్లో ఆ వెలుగు చుక్క
చిన్నదై, మాయమై,
మళ్లీ చుక్కై, పెద్దదై వచ్చేదాకా
కదలలేదు, అద్దం మీంచి చూపు తిప్పలేదు.
ఆఖరి ప్రయాణికురాలి కోసం
నేనూ ఇలాగే ఆపి ఉంచేవాణ్ణి
వానరోజుల్లో,
సమయం దాటిపోయినా.