పీక తడారిన సాయంత్రం

ఇరవై రెండేళ్లుగా పెళ్లిళ్లకు ఊదుతున్నా.
ముహూర్తం వేళ ఎవరైనా తుమ్మితే
ఆ తుమ్ము పీటలదాకా రాకుండా
గట్టిమేళంతో కప్పెయ్యడం నా పని.
వియ్యంకుల మాటపట్టింపులు, పప్పు చాల్లేదన్న గోల,
తప్పిపోయిన పిల్లాడి ఏడుపు,
అన్నీ నా సన్నాయి చాటున దాక్కున్నాయి.
వాటి చాటున నేనూ దాక్కున్నానని
తెలీలేదు,
గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో
ఆ చిన్న హాల్లో మఠం వేసుక్కూర్చునేదాకా.

తొంభై కుర్చీలు. అరవై మంది.
ఎవరి ముందూ విస్తరి లేదు, ఎవరి గుప్పిట్లోనూ అక్షింతలు లేవు.
"కాస్త పక్కకు జరగండి" అనే ఫొటోగ్రాఫరు లేడు.
సెక్రటరీ గారు మైకులో
"షేక్ మీరావలి, నాదస్వరం" అన్నారు.
ఏ పెళ్లికార్డు మీదా ఎన్నడూ పడని పేరు
స్పీకర్లోంచి దిగొచ్చి నా ఎదుట నిలబడింది.
ఆ తర్వాత నిశ్శబ్దం,
మిర్చియార్డులో టిక్కీ జారి నెత్తిన పడ్డట్టు.

పీక ఎండిపోయింది.
గొంతునీ పీకే అంటాం,
సన్నాయి కొసన గుచ్చే రెల్లు ముక్కనీ పీకే అంటాం.
ఒకటి ఎండితే రెండోది పలకదు.
నాలుకతో తడపబోయా, నాలుకే అట్టముక్క.
పక్కనే చెంబులో నీళ్లున్నాయి.
చెయ్యి అటు పోనంటుంది.

రైల్వే క్వార్టర్ల వెనక సైదా మామ నేర్పిన విద్య ఇది.
గూడ్సు వెళ్లేదాకా ఒకటే షడ్జమం,
ఆఖరి డబ్బా దాటేదాకా ఊపిరి తెగకూడదు.
రైలు రొదలో నా తప్పులు నాకే వినపడేవి కావు.
ఇక్కడ గూడ్సు రాదు.

డోలు మీద అంకమ్మరావు
తువ్వాలు సర్దుకుంటున్నట్టు నా వైపు వంగి
"ఏందిరా, నీ మోకాలు మిశ్రచాపు ఏస్తంది?
సమం ఏడుందో చెప్పు, నేనూ వస్తా" అన్నాడు.
నవ్వొచ్చింది.
నవ్వితే, బుగ్గ వెనక ఎక్కడో
ఒక్క చుక్క తడి.

ఆ చుక్కతోనే మొదలుపెట్టా.
మొదటి షడ్జమం చిట్లింది.
మూడో వరసలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
ఆ తుడుపులో నా పరువూ పోయిందనుకున్నా.
ఎవరూ లేచి వెళ్లలేదు.
ఎవరో దగ్గారు. కారం దగ్గు, మా ఊరి దగ్గు.
కప్పెయ్యాలని అలవాటుగా గట్టిగా ఊదబోయి
ఆగాను.
ఆ దగ్గు పూర్తిగా అయిపోయేదాకా
ఆగాను.

అప్పుడు తోడి గాంధారం దగ్గరికొచ్చా.
అది నిటారుగా నిలబడే స్వరం కాదు.
అటు రిషభానికి, ఇటు మధ్యమానికి
ఊగుతూ ఉంటేనే దానికి ఆ పేరు.
పెదవి వణికింది. వణకనిచ్చా.
మామ బతికుంటే
"ఇది నేను చెప్పలేదే, యాడ నేర్చావు" అనేవాడేమో.
అనేవాడు కాదులే. మెచ్చుకోవడంలో పిసినారి.

గెలిచానని చెప్పను.
పల్లవిలో ఒకచోట దారి తప్పితే అంకమ్మరావు పట్టుకున్నాడు.
ఇంటికొచ్చి రెండు చెంబుల నీళ్లు తాగా.
ఆ రాత్రి నిద్రలో కూడా మోకాలు ఆగలేదని
మా ఆవిడ పొద్దున చెప్పింది.

మొన్న పెదకాకానిలో పెళ్లి.
అదే గోల, అవే తుమ్ములు.
భోజనాల వేళ, ఉన్నట్టుండి
పెదవి ఎండింది.
ఇక్కడెందుకా అని తలెత్తి చూస్తే
సాంబారు బకెట్టు పట్టుకున్న కుర్రాడు
పంక్తి మధ్యలో నిలబడిపోయాడు.
గరిటె కొసన చుక్కలు నేల మీదికి కారుతున్నాయి.
"సాంబారూ!" అని ఎవరో కేకేశారు.
వాడికి వినపడలేదు.

పీక తడుపుకుని
గాంధారం మీదికి
మెల్లగా వచ్చా.